వేడి గచ్చు మీద చెక్క నేల
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జ్ఞాపకం వస్తుంది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని చెప్పిన తీర్పు అది. దాన్ని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన పని వేరు. "మీరు జర్మనీ వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చారు గదా, అక్కడ చూసినదేదో చెప్పండి" అన్నారు. అక్కడి కోటలూ, చర్చీలూ, మంచూ మీ పిల్లలు ఫోన్లలో చూపిస్తూనే ఉన్నారు. నేను ఆ మూడు నెలలూ ముఖ్యంగా చూసింది ఒక ఇంటి నేల. దాన్ని గురించే చెబుతాను. మనలో చాలామంది పిల్లలు చలిదేశాల్లో ఇళ్ళు కట్టుకుంటున్నారు కనుక కొందరికైనా పనికి వస్తుంది. చివర్లో నా సొంత విషయం ఒకటి విన్నవించుకుంటాను.

మా అబ్బాయి స్టుట్‌గార్ట్ నగరానికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. 2023 నవంబరు మొదటి వారంలో నేనూ, నా భార్యా అక్కడికి చేరాము. విజిటరు వీసా తొంభై రోజులు. గోడలు లేచాయి, కప్పు పడింది, కిటికీలు బిగించారు. నేల మాత్రం ఉత్త సిమెంటు గచ్చు. చెప్పులు విప్పి అడుగు పెట్టబోతే కోడలు "వద్దు మామయ్యగారూ, కాళ్ళు జిల్లుమంటాయి" అంది. "ఈ నేల కిందే పొయ్యి ఉంది నాన్నగారూ, ఇంకా వెలిగించలేదంతే" అన్నాడు మా వాడు.

పొయ్యి అంటే నిప్పు కాదు. ముందు స్లాబు మీద వేడి కిందికి పోకుండా దళసరి అట్టల్లాంటివి పరుస్తారు. వాటి మీద వేలెడు లావు ప్లాస్టిక్ పైపును పాము చుట్టలా, జానెడు కంటే తక్కువ ఎడంతో గది నిండా తిప్పుతారు. ఎక్కడా కారడం లేదని ఒత్తిడి పెట్టి పరీక్ష చేస్తారు. అప్పుడు పైపుల మీద కనీసం 4.5 సెంటీమీటర్ల మందాన సిమెంటు గచ్చు పోస్తారు. దాన్ని వాళ్ళు 'ఎస్ట్రిష్' అంటారు. మన మేస్త్రీల మాటలో బెడ్డు అనుకోండి. గోడల వెంట చుట్టూ మెత్తటి పట్టీ పెడతారు, గచ్చు వేడికి సాగితే గోడను తన్నకుండా. ఆ పైపుల్లో సుమారు 35 డిగ్రీల నీళ్ళు తిరుగుతాయి. మనం స్నానానికి పెట్టుకునే నీళ్ళంత వేడి కూడా కాదు. గది అంతా నేల నుంచే వెచ్చబడుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండువేల ఏళ్ళ కిందటే రోమనులు స్నానశాలల నేల కింద వేడిగాలి పారించేవారు. కొరియావారు వంటపొయ్యి పొగను నేల కింది రాతి కాలవల్లోంచి పోనిచ్చి, ఆ నేల మీద పడుకునేవారు. వాళ్ళు దాన్ని ఒండోల్ అంటారు. పొగ పోయి నీళ్ళు వచ్చాయి, అంతే తేడా.

ఈ గచ్చు మీద ఏమి పరచాలి అన్నది ప్రశ్న. నిజం చెప్పాలంటే వేడి పైకి రావడానికి టైల్సు అన్నిటికన్నా మేలు. కానీ మా మనవడు అప్పుడే పాకుతున్నాడు. పొయ్యి ఆపి ఉన్న రోజుల్లో టైల్సు చల్లగా ఉంటాయి, పడితే దెబ్బ. కోడలికి చెక్క మీద మనసు. చెక్క వేడిని కొంత అడ్డుకుంటుంది గనుక దానికి ఒక హద్దు ఉంది. పరిచిన దాని అడ్డు వాళ్ళ లెక్కలో 0.15 మించకూడదు. 14 మిల్లీమీటర్ల ఓకు పలక అయితే దాదాపు 0.10 ఉంటుంది. సరిపోతుంది. అది కూడా ఒకే దుంగ నుంచి కోసిన పలక కాదు. పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల ఓకు, దాని కింద అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు. ఒక పొర సాగబోతే రెండోది పట్టి ఉంచుతుంది. బీచ్, మేపుల్ అనే కర్రలు తేమకు ఎక్కువ సాగి ముడుచుకుంటాయి కాబట్టి వేడి గచ్చు మీదికి మంచివి కావన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు నాతో వచ్చింది. నేను ఇక్కడి నుంచే మన పురోహితులవారి చేత ముహూర్తం పెట్టించుకుని వెళ్ళాను. కార్తీక మాసం, డిసెంబరు మొదటి వారం. అది తప్పితే ధనుర్మాసం, ఆ తర్వాత పుష్యం, ఇక మాఘం దాకా ఆగాలి. మాఘానికి మా వీసా ఉండదు. మా వాడికేమో ఒక చేత్తో అద్దె, మరో చేత్తో బ్యాంకు వాయిదా. ఎంత త్వరగా ఇంట్లో చేరితే అంత మంచిది. అందరికీ తొందరే.

గచ్చు అక్టోబరు రెండో వారంలో పోశారు. సిమెంటు గచ్చు అయితే 21 రోజులు ముట్టుకోకూడదు. ఆ తర్వాత పైపుల్లో 25 డిగ్రీల నీళ్ళు మూడు రోజులు, ఆపైన పూర్తి వేడితో నాలుగు రోజులు తిప్పుతారు. ఇది గచ్చూ పైపులూ సరిగా ఉన్నాయో లేదో చూసే పరీక్ష మాత్రమే. రోజూ ఎంత వేడి పెట్టిందీ రాసి సంతకం చేస్తారు. నాకు ఆ కాగితం చూస్తే లాగ్‌బుక్కు చూసినట్టు సంతోషం వేసింది. ఈ పరీక్ష అయిందంటే గచ్చు ఆరిందని నేను అనుకున్నాను. మా వాడూ అనుకున్నాడు. ఇద్దరమూ పొరబడ్డాము.

నవంబరు ఆఖరి వారంలో చెక్క పరిచే మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. గచ్చులో ముందే గుర్తు పెట్టిన చోట్లు ఉంటాయి, అక్కడ పైపు ఉండదు. ఆ చోట సుత్తి, ఉలి పెట్టి కొట్టి, అడుగు భాగం నుంచి పెళ్ళలు తీశాడు. పైన ఆరినట్టు కనిపించినా తేమ అడుగున ఉంటుందిట. పెళ్ళలు నూరి, 50 గ్రాములు తూచి, ఒక ఉక్కు సీసాలో ఇనప గుండ్లతో పాటు వేశాడు. అందులోకి చిన్న గాజు గొట్టం జారవిడిచి, మూత బిగించి గిలకొట్టాడు. గొట్టంలో ఉన్నది కార్బైడు! మన తీర్థాల్లో దీపాలు వెలిగించిన కార్బైడే. దానికి తడి తగిలితే గ్యాసు పుడుతుంది. ఎంత తడి ఉంటే అంత గ్యాసు. మూత మీది ముల్లు ఒత్తిడి చూపిస్తుంది. పట్టిక చూసి తేమ చెబుతారు.

పది నిమిషాలయ్యాక ముల్లు చూసి "2.6" అన్నాడు. కింద వేడి లేని సిమెంటు గచ్చుకి 2.0 శాతం దాకా ఒప్పుకుంటారు. వేడి గచ్చుకి 1.8 మించకూడదు. సామాను సర్దుకుని లేచాడు.

నాకు కోపం వచ్చింది. "పండగ ఉంది, దేవుడి పని ఉంది, కాస్త తేడాకి ఇంత పట్టుదలా అని అడగరా" అన్నాను. మా వాడు అడిగాడు. ఆయన నెమ్మదిగా చెప్పింది ఇది. చెక్క పలకల్ని జిగురుతో గచ్చుకు అతికించేస్తారు. అంటే మూత పెట్టినట్టే. కింద వేడి పెట్టగానే గచ్చులో మిగిలిన తడి పైకే వస్తుంది. పలక అడుగు ఆ తడి తాగి ఉబ్బుతుంది, పైభాగం పొడిగానే ఉంటుంది. దానితో పలక అంచులు లేచి దోనెలా అవుతుంది, జిగురు ఊడుతుంది. అప్పుడు మొత్తం పీకి పారేయడమే. "నేను పరచను" అన్నాడు. మర్నాడు అదే మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కొలత జతచేసి పంపించాడు. అక్కడ పనివాడికి అనుమానం ఉంటే అలా రాసి ఇవ్వడం ఆనవాయితీ అట.

మా వాడి స్నేహితుడొకడు, వేరే మనిషి ఉన్నాడనీ, "తేమ బాధ్యత నాదే" అని యజమాని రాసిస్తే మూడు రోజుల్లో పరిచేస్తాడనీ చెప్పాడు. మా వాడు నా వంక చూశాడు. "ముహూర్తం మీది నాన్నగారూ. మీరెలా అంటే అలా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పనివాడి కాగితం నా కళ్ళ ముందు కదులుతూనే ఉంది. అలాంటి కాగితం నేను ఇదివరకు ఒకటి చూశాను.

1986 మార్చి నెల. అప్పుడు నేనొక డివిజన్ ఆఫీసులో బిల్లుల సీటులో ఉన్నాను. ఏ డివిజనో ఇక్కడ చెప్పను. ఒక బాలికల వసతి గృహానికి తలుపులూ కిటికీలూ బిగించే పని. మార్చి 31 లోపల బిల్లు పాసు కాకపోతే గ్రాంటు మురిగిపోతుంది. ఆ పని చూసే వర్క్ ఇన్‌స్పెక్టరు ఒక కాగితం రాసిచ్చాడు: 'కర్ర పచ్చిగా ఉన్నది. ఆరకుండా బిగించినచో తలుపులు మెలి తిరుగును.' రెండే వాక్యాలు. నేను ఫైలుతో పాటు పుటప్ చేశాను. పై అధికారి ఆ కాగితం చూసి "ఇది ఫైల్లో ఉండాల్సిన కాగితమా?" అన్నారు. తీసెయ్యమని అనలేదు. నేనే తీసి నా డ్రాయరులో పెట్టుకున్నాను. బిల్లు 31న పాసయింది.

మే నెల ఎండలకి తలుపులన్నీ మెలి తిరిగాయి. గడియలు పడవు. బడులు తెరిచాక వార్డెనమ్మగారి ఉత్తరం నా టేబులు మీదికే వచ్చింది: రాత్రిళ్ళు పిల్లలు తలుపులకు బల్లలు అడ్డం పెట్టుకుని పడుకొంటున్నారని. విచారణ వచ్చింది. 'కర్ర సంగతి ఎందుకు తెలియపరచలేదు?' అని వర్క్ ఇన్‌స్పెక్టరుని సంజాయిషీ అడిగారు. తెలియపరిచానన్నాడాయన. ఫైల్లో కాగితం లేదు. నా డ్రాయరులో ఉంది. నేను నోరు విప్పలేదు. ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆగింది, క్యుములేటివ్ ఎఫెక్టుతో. అంటే ఏమిటో ఈ సభలో ఉన్నవారికి వివరించక్కర్లేదు. 1994లో ఆఫీసు వేరే బిల్డింగుకి మారుతున్నప్పుడు డ్రాయరు ఖాళీ చేస్తూ ఆ కాగితం చించేశాను.

జర్మనీలో ఆ తెల్లవారుజామున లేచి మా వాడితో చెప్పాను. "నాయనా, అతను రాసిచ్చిన కాగితం జాగ్రత్తగా దాచు. అతను ఎప్పుడు పరచమంటే అప్పుడే పరుద్దాం. ముహూర్తానికి ఉత్త గచ్చు మీదే పాలు పొంగిద్దాం."

అలాగే చేశాము. డిసెంబరు మొదటి వారంలో బయట మంచు పడుతుంటే సిమెంటు గచ్చు మీద పీట వేసి, చిన్న కరెంటు పొయ్యి మీద పాలు పొంగించాము. మా ఆవిడ గచ్చు మీద చుక్కల ముగ్గు పెట్టి, "చెక్క పరిచాక ఇలా ముగ్గు పెట్టనిస్తారా ఏమన్నానా, ఇదే మంచిదయింది లెండి" అంది. పూజ అయ్యాక మళ్ళీ అద్దె ఇంటికే వెళ్ళిపోయాము.

ఆ తర్వాత ఆ గచ్చు నా డ్యూటీ అయింది. పైపుల్లో వేడి నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. గచ్చులోంచి వచ్చిన తడి గదిలోనే ఉండిపోతే ప్రయోజనం లేదు కనుక రోజుకు నాలుగుసార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి, పది నిమిషాలాగి మూసెయ్యాలి. సందుగా తెరిచి వదిలేస్తే గోడలు చల్లబడతాయి గానీ తడి సరిగా పోదు. నేను ఒక నోటుబుక్కు కొని గళ్ళు గీశాను. తేదీ, తెరిచిన వేళ, మూసిన వేళ, గదిలో తేమ, ఇనీషియల్స్. మా వాడు నవ్వాడు. పనివాడు మాత్రం నవ్వలేదు. రెండోసారి వచ్చినప్పుడు ఆ పుస్తకం అడిగి తీసుకుని పేజీ పేజీ చూశాడు.

డిసెంబరు మధ్యలో 2.1. జనవరి రెండో వారంలో 1.7. ముల్లు చూపించి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అరవై చదరపు మీటర్ల నేల నాలుగు రోజుల్లో పరిచాడు. ఆ పని చూసి నేను రాసుకున్నవీ, ఆయన చెప్పినవీ కలిపి మనవి చేస్తాను. మీ పిల్లలకు చెప్పండి.

ఒకటి. తేదీని బట్టి కాక కొలతను బట్టి పరచాలి. కొలత కాగితం మీద ఉండాలి. గచ్చు సిమెంటుదా, జిప్సం జాతిదా అని ముందే అడగాలి. జిప్సం గచ్చుకి హద్దు వేరు, అది ఇంకా చాలా తక్కువ.

రెండు. పలకల పెట్టెలు రెండు మూడు రోజుల ముందే ఆ గదిలోకి తెచ్చి, విప్పకుండా ఉంచాలి. గది వాతావరణానికి కర్ర అలవాటు పడాలి.

మూడు. పరిచేటప్పుడు నేల వేడి బాగా తగ్గించాలి. పరిచాక జిగురు గట్టిపడేదాకా ఆగి, ఆపైన రోజుకి కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక్కసారి పెంచితే కర్ర బెదురుతుంది.

నాలుగు. గోడల వెంట చుట్టూ ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ వదలాలి. అంచు పట్టీ దాన్ని కప్పుతుంది. మనవాళ్ళు అందం కోసం గోడకు ఆనించమంటారు, అది తప్పు.

అయిదు. నేల పైభాగం 29 డిగ్రీలు దాటనివ్వకూడదు. దళసరి తివాచీలు పరిస్తే కింద వేడి బిగిసిపోతుంది, అక్కడ చెక్క దెబ్బతింటుంది. మనం ఇక్కడి నుంచి మోసుకుపోయే పరుపులు నేల మీద పరిచి వదలడం కూడా అంతే.

ఆరు. చలికాలంలో వేడి ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. చిన్న మీటరు గోడకు పెట్టుకుంటే చాలు. శీతాకాలంలో పలకల మధ్య వెంట్రుకంత సందులు కనిపిస్తే కంగారు పడవద్దు, వేసవికి చాలావరకు కలుసుకుంటాయి.

ఏడు. బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి కడగడం కుదరదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవడమే. మా ఆవిడకు ఇది అలవాటు కావడానికి వారం పట్టింది.

ఎనిమిది. నేలకు మేకు కొట్టవద్దు, డ్రిల్లు పెట్టవద్దు. కింద పైపులున్నాయి. పైపులు వేసినప్పుడు తీసిన ఫోటోలు ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచాలి.

జనవరి ఆఖరి వారంలో ఆ ఇంట్లో చేరాము. మేము తిరిగి వచ్చేలోపు వారం రోజులు ఆ చెక్క మీద నడిచాను. కాలికి వేడి అని తెలియదు, చలి మాత్రం ఉండదు. నా భార్య మోకాళ్ళ నొప్పి గురించి ఆ వారం ఒక్కసారీ అనలేదు. మనవడు నేల మీదే పడి నిద్రపోయేవాడు.

ఇక నా సొంత విషయం. తిరిగి వచ్చాక 2024 మార్చిలో ఆ వర్క్ ఇన్‌స్పెక్టరుగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన భార్యగారు ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్నారు. కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ విని, "ఆయన ఇంట్లో అంటూనే ఉండేవారండీ, నేను రాసిచ్చాను, రాసిచ్చాను అని. నమ్మేవాళ్ళు లేక చివరికి అనడం మానేశారు" అన్నారు. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చాను.

ఆగిన ఆ ఇంక్రిమెంటు లోటు ఆయన పెన్షనులో చివరిదాకా ఉంది. ఆవిడ పెన్షనులో నేటికీ ఉంది. అందుచేత 1986లో జరిగినది జరిగినట్టు, కాగితం తీసింది నేనే, చించింది నేనే అని రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి, మన కార్యదర్శిగారికి అందజేశాను. దానితో జతచేసి ఆవిడ తరఫున అర్జీ పంపుతామని వారు దయతో ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళకు దాన్ని ఎవరైనా చదువుతారో, కాలం చెల్లిందని తిప్పి పంపుతారో నాకు తెలియదు. నా మీద చర్య తీసుకోదలిస్తే తీసుకోమనే రాశాను. ఈసారి ఆ కాగితం ఫైల్లోంచి పోకుండా చూడవలసిందిగా ఈ సభలోని పెద్దలందరినీ ప్రార్థిస్తున్నాను.